తేట నీళ్ళు

పొద్దున పూట కెమిస్ట్రీ స్టోర్‌రూమ్ తలుపు తీయడం సరోజమ్మ మానేసి పది రోజులయింది. ల్యాబ్ ఊడ్చేది, బల్లలు తుడిచేది, సింకుల్లో పడి ఉన్న టెస్ట్‌ట్యూబులన్నీ కడిగి స్టాండ్లలో పెట్టేది. స్టోర్‌రూమ్ మాత్రం మధ్యాహ్నం మూడు దాటాకే, అదీ తలుపు బార్లా తెరిచి, ల్యాబ్‌లో ఎవరో ఒకరు ఉన్నప్పుడే ఊడ్చేది. మార్చి మొదటి వారంలో, ప్రాక్టికల్ పరీక్షలకు ఉప్పులు తూచుకుందామని కరుణ ఎనిమిదింటికే కాలేజీకి వచ్చిన రోజున ఈ సంగతి బయటపడింది. సరోజమ్మ తాళంచెవి ఆమె చేతిలో పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది.

"నువ్వే తీయమ్మా," అంది కరుణ.

"నేను తీయను మేడం. పొద్దున పూట ఆ గదిలోకి జయప్రకాష్ సారు వస్తాండాడు."

కరుణకు నవ్వు రాలేదు. జయప్రకాష్ సారు ఆమె గురువు. నంద్యాలలోని ఆ కాలేజీలోనే పదిహేడేళ్ళ కిందట ఆమె బి.ఎస్సీ. చదివింది. తర్వాత కర్నూలులో, కడపలో ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పి, కిందటి జూన్‌లో లెక్చరర్‌గా మళ్ళీ ఇక్కడికే వచ్చింది. సారు గుండెపోటుతో చనిపోయి మూడేళ్ళయింది. అప్పటికి ఆయనకు రిటైర్మెంటు ఇంకా ఏడాది ఉంది. ఇప్పుడు ఆమె కూర్చునేది ఆయన కుర్చీలోనే. బీరువా తలుపుల మీద, ఆసిడ్ సీసాల మీద ఆయన చేతిరాత ఇంకా చెరిగిపోలేదు.

"వచ్చి ఏం చేస్తాడు?" అని అడిగింది.

"కిటికీ కాడ పెద్ద బుడ్డి ఉంది కదా. పొద్దున చూస్తే దాంట్లో బంగారు పొడి రాల్తాంటాది. మద్యాన్నానికి ఏమీ ఉండదు, ఉత్త నీళ్ళు. మళ్ళా తెల్లారితే ఉంటాది. మూతకు మైనం వేసుంది. ఎవరూ ముట్టుకోరు. ఆయప్ప ఇంగా పోలేదు మేడం."

పోయిన నెల చెదలు పట్టిందని పాత బీరువా ఖాళీ చేసినప్పుడు, అడుగు అరలో వెనక్కి నెట్టేసి ఉన్న ఆ బుడ్డిని తుడిచి కిటికీ గూట్లో పెట్టింది తనేననీ, అప్పట్నుంచే ఇది మొదలయిందనీ సరోజమ్మ చెప్పింది.

కరుణ తలుపు తీసింది. లోపల రాత్రి చలి ఇంకా మిగిలి ఉంది. బుడ్డి నిజంగానే మెరుస్తోంది. అడుగున పల్చగా బంగారు రేకులు పేరుకున్నాయి. తలుపు కదిలిన అదురుకు కొన్ని పైకి లేచి, తిరుగుతూ, తీరిగ్గా మళ్ళీ కిందికి దిగుతున్నాయి. ఒక్కొక్కటీ ఆరు పలకల సన్నటి రేకు. దాన్ని చూసి ఆమెకు భయం వేయలేదు. అదేమిటో ఆమెకు తెలుసు. కానీ బుడ్డి మెడకు అంటించిన కాగితం చదివేసరికి ఒళ్ళు జలదరించింది. 'లెడ్ అయొడైడ్. 12-3-2008. కరుణ, బి.ఎస్సీ. ఫైనల్.' ఆ రాత సారుది కాదు. తనది.

మధ్యాహ్నం మూడింటికి సరోజమ్మను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళింది. పడమటి ఎండ కిటికీలోంచి నేరుగా బుడ్డి మీద పడుతోంది. గాజు చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంది. లోపల నీళ్ళు తేటగా, అడుగు దాకా కనబడుతున్నాయి. ఒక్క రేకు కూడా లేదు.

"ఇది సీసపు ఉప్పు సరోజమ్మా. కరగాలంటే దీనికి వేడి కావాల. ఎండకు బుడ్డి కాగితే, ఆ వేడి తీసుకోని అంతా నీళ్ళలో కలిసిపోతాది. తెల్లవారుజామున చల్లబడితే ఆ వేడిని వదిలేసి మళ్ళా బయటికొస్తాది. సారూ లేడు, ఎవరూ లేరు."

క్లాసులో అయితే ఇదే మాటను ఎంథాల్పీ, ఎంట్రోపీ అని రెండుగా విడదీసి చెబుతుంది. ఉప్పులోని కణాలను ఒకదాన్నొకటి వదలనివ్వని పట్టు ఒకవైపు, నీళ్ళలో చెదిరిపోవాలనే లాగుడు ఇంకోవైపు. రెంటిలో ఏది గెలవాలో తేల్చేది ఉష్ణోగ్రత. పట్టు విడిపించడానికి వేడి కావాలి కాబట్టి ఎండలో చెదిరిపోవడం గెలుస్తుంది, చలిలో పట్టు గెలుస్తుంది. ఎన్ని బ్యాచ్‌లకు చెప్పిందో ఆమెకే గుర్తు లేదు.

సరోజమ్మ వంగి బుడ్డిలోకి చూసింది. "అయితే మద్యాన్నం అది పోయినట్టు కాదు."

"కాదు. ఉంటాది. కనపడదు అంతే."

"మరి పొద్దున అంతా బయటికొచ్చేస్తాదా? ఆ పైనున్న నీళ్ళలో ఏం మిగలదా?"

"అంతా రాదు. ఎంత చల్లబడినా కొంచెం నీళ్ళలోనే..."

కరుణ అక్కడే ఆగిపోయింది. సరోజమ్మ ఇంకేదో అడిగింది గానీ ఆమెకు వినబడలేదు. వెనక కిటికీలోంచి ల్యాబ్ వెనకనున్న ఖాళీ జాగా కనబడుతోంది. అక్కడ ఇప్పుడు కలుపు మొక్కలు, ఒక కరివేపాకు చెట్టు ఉన్నాయి. ఆమె చూస్తున్నది మాత్రం చుక్కకూర మడిని.

ఫైనలియర్‌లో సారు దగ్గర ఆమె చేసిన ప్రాజెక్టు ఈ ఉప్పు మీదే. లెడ్ క్లోరైడును వేడినీళ్ళలో కరిగించి, పొటాషియం అయొడైడు కరిగించిన నీళ్ళు అందులో పోస్తే, రెండు తెల్లటి ఉప్పుల నుంచి పసుపుపచ్చటి మూడో ఉప్పు పుట్టి మడ్డిలా దిగుతుంది. ఆ మడ్డిని కడిగి, మంచినీళ్ళలో వేసి, ఇరవై డిగ్రీల దగ్గర ఎంత కరుగుతుందో, ముప్పై దగ్గర ఎంతో, నలభై దగ్గర ఎంతో కొలవాలి. ఆ అంకెలతో గీత గీస్తే ఆ ఉప్పు కరగడానికి ఎంత వేడి తీసుకుంటుందో తెలుస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆమె ల్యాబ్‌లోనే ఉండేది. సారు జాగ్రత్త మనిషి. సీసం విషమనీ, పసుపు మడ్డి ఒక్క చిటికె కూడా సింకులోకి పోకూడదనీ మొదటి రోజే చెప్పాడు. మడ్డినంతా వడగట్టి డబ్బాల్లో పోసి బీరువాలో పెట్టించేవాడు. వడగట్టగా మిగిలిన తేట నీళ్ళు రోజుకో బకెట్టు అయ్యేవి. ఆ ఏడు కాలేజీ బోరులో నీళ్ళు అడుగంటాయి.

"తేట నీళ్ళే కదమ్మా, పారబోయడం ఎందుకు? శాంతయ్య మడికి పొయ్యి," అన్నాడు సారు.

శాంతయ్య ల్యాబ్ అటెండరు. ల్యాబ్ వెనక రెండు గదుల క్వార్టర్‌లో భార్య లూదియా, నాలుగేళ్ళ కూతురు ఏంజెల్‌తో ఉండేవాడు. క్వార్టర్ ముందు చుక్కకూర, గోంగూర, టమాటాలు వేసుకున్నాడు. ఏంజెల్ పొద్దస్తమానం ల్యాబ్ మెట్ల మీదే కూర్చునేది. సారు లేనప్పుడు కరుణ ఆ పిల్ల కోసం ఒక పరీక్షనాళిక వేడి చేసి, చల్లార్చి, బంగారు రేకులు రాల్చి చూపించేది. సాయంత్రం బకెట్టు ఎత్తుకుంటే పిల్ల ఎర్ర ప్లాస్టిక్ మగ్గు పట్టుకుని ముందు పరిగెత్తేది. మగ్గుతో ముంచి ఒక్కో మొక్క మొదట్లో పోసేది. చేతులు తడిసేవి. ఆ తడిచేత్తోనే టమాటా కోసుకుని తినేది.

ఆ సాయంత్రం ఆమె సారు బీరువాలో తన రికార్డు పుస్తకం వెతికింది. జూనియర్లకు చూపించడానికి సారు దాన్ని దాచిపెట్టాడు. అట్ట ఊడిపోయింది గానీ కాగితాలు బాగానే ఉన్నాయి. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగే ఉప్పు, ముప్పాతిక గ్రాము. కరగడానికి తీసుకునే వేడి, మోలుకు అరవై రెండు కిలోజౌళ్ళు. పక్కన సారు ఎర్రసిరాతో టిక్కు పెట్టి 'చాలా బాగుంది' అని రాశాడు.

ఆ ముప్పాతిక గ్రాములో సీసం ఎంతో లెక్క కట్టడానికి ఆమెకు నిమిషం పట్టలేదు. మూడువందల నలభై మిల్లీగ్రాములు. తాగే నీటిలో లీటరుకు ఉండదగ్గది మిల్లీగ్రాములో నూరోవంతు. ముప్పై నాలుగు వేల రెట్లు.

ఆమె ఒక ఊరట కోసం వెతికింది. నీళ్ళలో అయొడైడు ఎక్కువగా మిగిలి ఉంటే సీసం ఇంకా కిందికి దిగిపోతుంది, పైన చాలా తక్కువ ఉంటుంది. ఉప్పు తయారుచేసినప్పుడు మిగిలే నీళ్ళు అలాంటివే. కానీ బకెట్టు నింపింది ఆ నీళ్ళు కావు. కొలతల కోసం మడ్డిని నాలుగుసార్లు కడిగి, మంచినీళ్ళలో గంటలకొద్దీ కలియబెట్టి, ఇక కరగలేనంతగా కరిగించిన నీళ్ళు. వాటిలో సీసం ఎంత ఉందో ఆమె చేత్తో కొలిచి, పుస్తకంలో రాసి, గీత గీసి, మార్కులు తెచ్చుకుంది. సాయంత్రం ఆ నీళ్ళనే మోసుకెళ్ళి పిల్లతో మొక్కలకు పోయించింది.

ఆ తర్వాత రోజులు ఆమెకు సరిగ్గా గడవలేదు. భర్త రూబెన్ మార్కెట్ నుంచి తోటకూర తెస్తే కడిగిందే కడిగి, వండలేక పక్కింటామెకు ఇచ్చేసింది. అడిగితే ఒంట్లో బాగాలేదంది. ప్రాక్టికల్ పరీక్షల్లో ఒకమ్మాయి టెస్ట్‌ట్యూబులో పసుపు రంగు తేలగానే "వచ్చింది మేడం," అంటూ చూపించింది. ఆ గొంతు వెనక ఇంకో సన్నటి గొంతు వినిపించినట్టయి కరుణ మెట్ల వైపు తిరిగి చూసింది. మెట్ల మీద ఎవరూ లేరు. చర్చిలో శ్రమకాలపు ప్రార్థన కూడికలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆమె మూసుకోలేకపోయింది. మూస్తే తడిసిన చిన్న చేతులు కనబడుతున్నాయి.

సరోజమ్మ ఆమెను గమనిస్తూనే ఉంది. "సారు మీక్కూడా కనపడినాడా మేడం?" అని ఒకరోజు అడిగింది.

"లేదు. నువ్వు ఆ కరివేపాకు కోసుకోవద్దు ఇంగ. ఎవర్నీ కోయనీయొద్దు," అంది కరుణ.

ఆమె మడి ఉన్న చోట నాలుగు మూలలా మట్టి తీసి, సంచిలో కట్టి, హైదరాబాదులో మట్టి పరీక్ష చేసే ల్యాబ్‌కు పంపింది. ఆ జవాబు వచ్చేలోగా సారు పాత నోట్‌బుక్కులు ఒక్కొక్కటీ తిరగేసింది. ఎందుకు తిరగేస్తోందో ఆమెకే తెలియదు. ఆయనకు ఇది తట్టలేదని రుజువు దొరికితే బాగుండుననుకుందో, తట్టిందని దొరికితే బాగుండుననుకుందో. చివరి నోట్‌బుక్కులో, ఆయన చనిపోయిన ఏడాదిది, క్లాసు పాఠాల మధ్య ఒక పేజీ ఉంది. పైన 'లెడ్ అయొడైడ్, ద్రావణీయత' అని హెడ్డింగు. కింద ఆమె వేసిన లెక్కే. మూడువందల నలభై మిల్లీగ్రాములు. ఆ అంకె కింద పెన్సిలు విరిగేంత గట్టిగా గీసిన గీత. దాని కింద ఒకే ఒక్క మాట, 'శాంతయ్య'. తర్వాతి పేజీ ఖాళీ.

గదిలో ఎవరో నిలబడి ఉన్నట్టనిపించి కరుణ తలెత్తింది. మధ్యాహ్నపు ఎండ తప్ప ఏమీ లేదు. అయినా ఆమె ఆ కుర్చీలోంచి లేచి, ఆ రోజంతా నిలబడే పని చేసుకుంది.

మట్టి రిపోర్టు పదమూడో రోజున వచ్చింది. మామూలు నేలలో ఉండేదానికి ఏడు రెట్లు సీసం. ఆ శనివారం ఆమె ఆళ్ళగడ్డ బస్సెక్కింది.

శాంతయ్య 2018లో రిటైరయి సొంతూరు వెళ్ళిపోయాడని సరోజమ్మ చెప్పింది. బస్సు ఆళ్ళగడ్డలోకి వచ్చేసరికి రోడ్డు పక్క షెడ్లలో శిల్పులు రాయి కొడుతున్నారు. సగం చెక్కిన బొమ్మలు దుమ్ములో నిలబడి ఉన్నాయి. చర్చి వీధి అడుగుతూ వెళితే, రేకుల ఇంటి ముందు మంచం మీద కూర్చున్న ముసలాయన ఆమెను ముందుగా గుర్తుపట్టాడు.

"కరుణమ్మ కాదా? మేయ్ లూదియా, మన ల్యాబ్ పాప వచ్చింది చూడు."

"వందనాలన్నా," అంది కరుణ.

లూదియా కుర్చీ తెచ్చి వేసింది, నీళ్ళిచ్చింది. శాంతయ్య కాలేజీ సంగతులన్నీ అడిగాడు. గోడ మీద జయప్రకాష్ సారు ఫొటో, కాలేజీ వీడ్కోలు రోజున తీసింది, ఏసుప్రభు పటం పక్కనే ఉంది.

"సారు పోకముందు నెలలో ఈడికి వచ్చినాడు పాపా. నువ్వు కూర్చున్యావే, ఆ కుర్చీలోనే గంటసేపు కూర్చున్యాడు. ఏంజెల్‌ను పిలిపించి, ఏం చదువుతాండావని అడిగినాడు. పదో తరగతి మూడుసార్లు తప్పింది సార్, లెక్కలు తలకెక్కవు దానికి అంటి. కండ్లనిండా నీళ్ళు పెట్టుకున్యాడు. ఏందీ సార్ అంటే, ఏం లేదు శాంతయ్యా, ఏం లేదు అనె. ఏదో చెప్పాలని వచ్చినట్టే ఉండె. చెప్పకుండానే లేసి పోయినాడు. నెలకంతా పోయినాడని కబురొచ్చె."

కరుణ నీళ్ళు తాగకుండానే గ్లాసు కింద పెట్టింది.

"ఏంజెల్ యాడుంది అన్నా?"

"ఈడనే ఉంది. పెండ్లయి ఏడాదాయె. అల్లుడు అజయ్ కుమార్ కొలిమిగుండ్ల కాడ సిమెంటు పనికి పోతాడు. వాంతులు తగ్గకుంటే వీళ్ళమ్మ తోడుకొచ్చింది."

లోపలి గదిలోంచి ఏంజెల్ వచ్చింది. ఇరవై ఒక్కేళ్ళది, సన్నగా ఉంది. పైటకొంగు కింద కడుపు కాస్త ఎత్తుగా కనిపిస్తోంది. అయిదో నెల. కరుణను చూసి గుర్తుపట్టనట్టే నవ్వింది. లూదియా "బంగారం చూపిస్తాండెనే, ఆ యక్క" అన్నాక, "ఆ," అంది మెల్లగా. ఏదో గుర్తు తెచ్చుకోవాలని చూసి, వదిలేసింది.

వచ్చేటప్పుడు కరుణ బస్సులో మాటలు కూడగట్టుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో, సారు గురించి ఎంతవరకు చెప్పాలో అనుకుంది. ఒక దశలో వెనక్కి తిరిగి పోదామని కూడా అనుకుంది. పదిహేడేళ్ళయింది. ఇప్పుడు చెప్పి ఎవరి మనసుకు శాంతి? తన మనసుకే కదా అనిపించింది. ఆ కడుపు చూశాక ఇక అలా అనుకోవడానికి లేదు. సీసం ఒంట్లోకి పోతే రక్తంలో ఎక్కువ కాలం ఉండదు. ఎముకల్లో దిగి కూర్చుంటుంది, ఏళ్ళ తరబడి. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ కోసం తల్లి ఎముక కొంచెం కొంచెం కరుగుతుంది. దాంతోపాటు అదీ కరిగి రక్తంలోకి వస్తుంది. రక్తంలోంచి బిడ్డకు పోతుంది.

ఆమె చెప్పింది. ఏదీ దాచలేదు. బకెట్టు, తేట నీళ్ళు, ముప్పాతిక గ్రాము, మట్టి రిపోర్టు, సారు నోట్‌బుక్కులో పేరు. చెబుతున్నంతసేపూ శాంతయ్య నేల వైపు చూస్తూ ఉన్నాడు. చివరికి తలెత్తాడు.

"సారు మీద మాట పెట్టొద్దు పాపా. ఆయప్ప మాకు ఉద్యోగం ఇప్పించినోడు."

"సారు ఒక్కడే కాదన్నా. పోసింది నేను. దాంట్లో ఎంత ఉందో కొలిచింది నేను. నాకు తెలిసుండాల్సింది."

"నువ్వు చిన్నపిల్లవి."

"ఏంజెల్ నాకన్నా చిన్నపిల్ల."

అప్పటిదాకా గడప దగ్గర నిలబడ్డ లూదియా ముందుకొచ్చింది. ఆమె గొంతు పెద్దది కాలేదు. "దీనికి చిన్నప్పుడు ఒగటే కడుపునొప్పి. నులిపురుగులని మందులిస్తా వచ్చినారు. దీని తర్వాత నాకు రెండు కాన్పులు నిలవలేదు. ఒగటి మూడో నెల, ఒగటి ఆరో నెల. ఆరో నెలది మగపిల్లోడు. ఆ మడిలో కూరే తింటి నేను. అయ్యి కూడా దీనివల్లనేనా?"

ఆ రెండు కాన్పుల సంగతి కరుణకు తెలియదు. ఆమె తలలో ఇంతవరకూ ఒక్క పిల్లే ఉంది. ఇప్పుడు ఇంకో ఇద్దరు వచ్చి పక్కన నిలబడ్డారు.

"తెలీదక్కా. కావచ్చు. కాకపోవచ్చు. ఎవరూ ఖాయంగా చెప్పలేరు."

"నాకు ఖాయంగా చెప్పేవాళ్ళే కావాల," అంది లూదియా.

రోడ్డు మీది షెడ్లలోంచి ఉలి చప్పుడు వస్తోంది. ఏంజెల్ గోడకానుకుని నిలబడి, ఒక చేయి కడుపు మీద పెట్టుకుని, అందరి మొహాలూ చూస్తోంది. ఆమెకు సగం అర్థమయింది, సగం కాలేదు. కానీ తన బిడ్డ గురించే మాట్లాడుతున్నారని తెలిసింది.

"అక్కా, నా బిడ్డకేమైతాది?" అని అడిగింది.

"రక్తం పరీక్ష చేయిస్తే తెలుస్తాది. ఎక్కువుంటే డాక్టరు చూసుకుంటాది. కాల్షియం సరిపోయేంత తీసుకుంటే ఎముక కరిగేది తగ్గుతాది. ఇప్పుడు తెలిసింది కాబట్టి చేయగలిగింది చాలా ఉంది," అంది కరుణ.

లూదియా లోపలికి వెళ్ళింది. వెళ్ళిపొమ్మంటుందని కరుణ అనుకుంది. చీర మార్చుకుని, ఆధార్ కార్డులు సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది.

"పరీక్ష యాడ చేస్తారు? పా."

నంద్యాలలో ఒక లేడీ డాక్టరు రక్తం తీయించి బయటి ల్యాబ్‌కు పంపింది. రిపోర్టు రావడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ కరుణ ఏం తిన్నదో, ఏ క్లాసులో ఏం చెప్పిందో ఆమెకు గుర్తు లేదు. రక్తంలో సీసం ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది. "కంగారు పడాల్సినంత కాదు. అట్లని వదిలేయాల్సిందీ కాదు," అంది డాక్టరు. కాల్షియం, ఐరన్ మాత్రలు, పాలు, రాగులు, నెలనెలా పరీక్ష. ఇంట్లో ఇంకెవరికైనా కడుపునొప్పి, తిమ్మిర్లు ఉన్నాయా అని అడిగింది. శాంతయ్య తన ఎడమ చేతి వేళ్ళు కొన్నేళ్ళుగా సరిగా పైకి లేవడం లేదని అప్పుడు మొదటిసారి చెప్పాడు.

కాలేజీలో కరుణ ప్రిన్సిపాల్ ఆదినారాయణకు రిపోర్టుతో పాటు ఉత్తరం రాసిచ్చింది. ఆయన రెండుసార్లు చదివి, "పోయినాయన పేరు బజార్న పడతాది కదమ్మా," అన్నాడు. "పేరు రాయకండి సార్. మట్టి సంగతి చూడండి," అంది ఆమె. విష వ్యర్థాలు తీసుకెళ్ళేవాళ్ళు వచ్చి కరివేపాకు చెట్టుతో సహా అడుగు లోతు మట్టి ఎత్తుకెళ్ళడానికి జూన్ దాకా పట్టింది. బీరువాలోని డబ్బాలూ, కిటికీలోని బుడ్డీ వాళ్ళతోపాటే పోయాయి. సరోజమ్మ ఇప్పుడు పొద్దునే స్టోర్‌రూమ్ తీస్తుంది. సారు వెళ్ళిపోయాడంటుంది. కరుణకు మాత్రం అలా అనిపించదు. ఆళ్ళగడ్డ ఇంట్లో గంటసేపు కూర్చుని, నోరు తెరవలేక లేచి వచ్చిన మనిషి ఆమెకు తరచూ కనబడతాడు. కోపం రాదు. ఆ రోజు ఏంజెల్ కడుపు చూడకపోయి ఉంటే తనూ నీళ్ళు తాగి లేచి వచ్చేసేదేమోనన్న భయం వేస్తుంది.

ప్రతినెలా ఒక శనివారం ఆమె ఆళ్ళగడ్డ వెళ్ళి, వాళ్ళను తోడుకుని నంద్యాల వచ్చి, పరీక్ష చేయించి పంపేది. శాంతయ్య మాట్లాడేవాడు. ఒకసారి వెళ్ళేసరికి గోడ మీద సారు ఫొటో లేదు. మరుసటి నెల మళ్ళీ ఉంది. ఎవరు తీశారో, ఎవరు పెట్టారో ఆమె అడగలేదు. లూదియా మాత్రం మాత్రల సంగతి తప్ప ఒక్క మాట మాట్లాడేది కాదు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి పోయి కూర్చునేది.

రక్తంలో సీసం అంకె మూడో నెల పరీక్షకు కొంచెం తగ్గింది. నాలుగో నెల అక్కడే నిలిచింది. ఆగస్టు మొదటి వారంలో ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల మూడువందలు. ఏడ్చింది, పాలు తాగింది. అజయ్ కుమార్ ఫోన్ చేసి చెప్పాడు. కరుణ ఆ మాట విన్నాక స్టాఫ్ రూమ్ బయటికెళ్ళి వరండా గోడ పట్టుకుని నిలబడింది. సంతోషమో, ఇంకేదో ఆమెకు తెలియలేదు.

నలభై రోజులు దాటాక ఒక సాయంత్రం ఏంజెల్ ఫోన్ చేసింది. "అక్కా, పాప శబ్దం వస్తే అటు తిరుగుతాండాది. గిన్నె పడితే ఉలిక్కిపడింది. మంచిదేనా?"

"మంచిదేమ్మా. చాలా మంచిది."

"నన్ను చూసి నవ్వుతాండాది కూడా. నిజంగా నవ్వుతాండాదో, ఊరికేనో."

"నిజంగానే."

అవతల ఫోన్ చేతులు మారింది. తర్వాత లూదియా గొంతు వినిపించింది.

"పిల్ల బాగుందని ఎప్పటికి తెలుస్తాది?"

కరుణ అబద్ధం చెప్పాలని చూసింది. నోరు రాలేదు. "నడిచేది, మాట్లాడేది చూడాల. చదువు ఎట్లొస్తాదో బడికి పోయేదాంకా తెలీదక్కా."

"అయిదారేండ్లు."

"అయిదారేండ్లు."

వెనక పాప ఏడుపందుకుంది. లూదియా ఎవరితోనో ఉయ్యాల ఊపమని చెప్పి, మళ్ళీ ఫోన్ దగ్గరికొచ్చింది.

"అయితే అంతవరకూ నువ్వు వస్తానే ఉండాల," అని ఫోన్ పెట్టేసింది.